రంగవ్వ కట్టిచ్చిన మూట

నాకు అసహ్యాలు ఎక్కువ. దాచుకోవడం దేనికి? మా ఆయన వెంకోబరావు బతికున్నన్నాళ్ళూ "రామాబాయీ, నీ ముక్కును దేవుడి గూట్ల పెట్టి పూజ చేయాలె" అని ఎగతాళి చేసేవారు. ఆయన పోయి ఆరేళ్ళయింది, ముక్కు మాత్రం అలాగే ఉంది. పక్కింట్లో కాఫీ ఇస్తే గ్లాసు అంచున నిన్నటి మరక కనిపిస్తుంది. పెళ్ళి భోజనంలో వడ్డించేవాడి గోళ్ళు కనిపిస్తాయి. ఒకసారి కనిపించాక ఇక నాకు ముద్ద దిగదు.

ఎళ్ళ అమావాస్య నాడు పొద్దున్నే ఆ ముక్కుకు పని పడింది. కోడలు నేత్ర పల్లీల హోళిగలు, అదే బొబ్బట్లు, బజారు నుంచి తెప్పించింది. ప్లాస్టిక్ డబ్బా మూత తీయగానే గుప్పుమని పాత నూనె కంపు. ఛీ!

"ఏందే ఇది నేత్రా? భూమితల్లికి గిట్లాంటివి పెడతవా? వాసన చూసినవా అసలు?"

"భూమితల్లి వాసన చూస్తదా అత్తమ్మా?" అని పకపకా నవ్వింది. పైగా కాగితం ప్లేట్లు, కాగితం గ్లాసులు. పండగను కూడా తిని పారేసే కాలం వచ్చింది.

ఈ పండగకు గుడి అక్కర్లేదు. ఇంట్లో వండినవన్నీ చేనికి తీసుకెళ్ళి, కంకి పట్టిన పైరుకు కడుపుతో ఉన్న ఆడబిడ్డకు పెట్టినట్టు పెట్టి, మిగిలింది అందరూ అక్కడే కూర్చుని తినాలి. ఆ తిండిని చేనంతా చల్లడాన్నే మా రాయచూరు వైపు చరగ అంటారు. చంద్రబండ దగ్గర మాకున్న ఐదెకరాలను ముప్ఫై ఏళ్ళుగా భీమప్ప, రంగవ్వ అనే మొగుడూ పెళ్ళాలు పాలుకు చేస్తున్నారు. మేము ఏడాదికొకసారి వెళ్ళి చరగ చల్లి, ఫొటోలు దిగి వచ్చేస్తాం. వచ్చేటప్పుడు రంగవ్వ ఒక మూట చేతిలో పెడుతుంది. నువ్వులద్దిన సజ్జరొట్టెలు, తెల్లటి గుడ్డలో కట్టి.

ఆ మూట సంగతి చెప్పాలి. మొదటి ఏడాది, నేను ఆ చేనులో అడుగుపెట్టేసరికి రంగవ్వ రొట్టెలు తడుతోంది. ఆమె కొడుకు నాగరాజ్, రెండేళ్ళవాడు, ముక్కు కారుకుంటూ వచ్చాడు. రంగవ్వ చేత్తో వాడి చీమిడి తీసి, ఆ చేతిని చీర కుచ్చిళ్ళకు తుడుచుకుని, అదే చేత్తో మళ్ళీ రొట్టె తట్టింది. నా ఒళ్ళు జలదరించింది. ఆ రోజు తిరుగుదారిలో, రాయచూరు రోడ్డు మలుపులో ఒక మేకల దొడ్డి కనిపిస్తే, మా ఆయనతో స్కూటరు ఆపించి రొట్టెలన్నీ మేకలకు వేశాను. గుడ్డను ఇంటికి తెచ్చి మూడుసార్లు ఉతికాను. మరుసటి ఏడాది ఆ గుడ్డ తిరిగి ఇస్తుంటే రంగవ్వ అడిగింది.

"రొట్టెలు ఎట్లుండె అమ్మా?"

"బ్రహ్మాండంగ ఉండె రంగవ్వా" అన్నాను.

అప్పట్నుంచి ఏటా ఇదే తంతు. ఆ మలుపు, ఆ మేకలు, ఆ అబద్ధం. వాళ్ళ కులం చూసి కాదు సుమా, చీమిడి చూసే అని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఆ చీమిడి పిల్లవాడికి ఇప్పుడు ముప్ఫై రెండేళ్ళు. లింగసుగూరులో కరెంటు లైన్‌మన్. అయినా నాకు ఆ రొట్టె అనగానే వాడి ముక్కే కళ్ళముందుకొస్తుంది. ఇన్నేళ్ళలో నాకున్న భయం ఒక్కటే, ఈ సంగతి రంగవ్వకు తెలియకూడదు. ముఖ్యంగా నా మనవరాలు సహన నోటి నుంచి తెలియకూడదు. పదేళ్ళది, నోరు మూతపడదు, పైగా రంగవ్వ అంటే పడిచస్తుంది. అందుకే ఏటా దానికి కిటికీ వైపు సీటు ఇవ్వను.

కారులో ఏదో సెంటు డబ్బా పెట్టాడు మా అబ్బాయి విజయేంద్ర. మల్లెపూలట. మల్లెపూలు కుళ్ళితే వచ్చే వాసన అది. దారి పొడుగునా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

చేను మాత్రం, నిజం చెప్పాలి, కన్నుల పండువగా ఉంది. తెల్లజొన్న నిలువెత్తు లేచి కంకులు వంచింది. జొన్నదంట్లతో చిన్న పందిరి వేసి, కింద సున్నం పూసిన ఐదు రాళ్ళను పాండవులని నిలబెట్టాడు భీమప్ప. పూజయ్యాక రంగవ్వ ఒక గంపలో అన్నీ కలిపి సహన నడుముకు ఆనించింది. రంగవ్వ మోకాళ్ళు వంగడం లేదు, ఈసారి తను నడవలేదట.

"నువ్వే చల్లాలె బిడ్డా. ముందుకే పోవాలె. ఎన్కకు తిరిగి చూడొద్దు."

"ఎందుకు చూడొద్దు?"

"తిన్నదా లేదా అని చూస్తే భూమితల్లికి సిగ్గయితది. మనం పెట్టాలె, పోవాలె."

"హులిగ్యో! చల్లంబరిగ్యో!" అని చరగ చల్లేటప్పటి కేకను గొంతు చించుకుని అరుస్తూ సహన జొన్నల్లోకి పరుగెత్తింది. కోడలు ఫోన్ పట్టుకుని దాని వెంట, మా అబ్బాయి బూట్లతో బురదలో జారుతూ కోడలి వెంట. బజారు హోళిగలు ముక్కలు ముక్కలుగా గాలిలో ఎగిరాయి. నాకు కూడా నవ్వొచ్చింది. భూమితల్లి ముక్కు మూసుకుని ఉంటుంది పాపం.

తర్వాత చూసిన దృశ్యానికి ఆ నవ్వు కాస్తా పోయింది. సహన వెళ్ళి రంగవ్వ ఒళ్ళో కూర్చుంది. రంగవ్వ తన పళ్ళెంలోంచి రొట్టె తుంచి, పుండికూరలో, అదే గోంగూరలో, అద్ది, అదే చేత్తో దాని నోట్లో పెడుతోంది. ఇది ఆవురావురుమని తింటోంది. వేళ్ళు కూడా నాకింది!

"సహనా! ఇట్ల రా. నీ ప్లేటుల తిను" అని కసిరాను.

"నాకిదే బాగుంది అజ్జీ."

కాగితం ప్లేటులో పెరుగన్నం కలుపుకుంటూ తల దించుకున్నాను. పోయిన నెలలో నా పై పళ్ళన్నీ తీసేశారు. కట్టుడు పళ్ళు ఇంకా రాలేదు. పెరుగన్నం తప్ప వేరే గతి లేదు.

బయలుదేరేటప్పుడు రంగవ్వ గోడ పట్టుకున్నట్టు భీమప్ప భుజం పట్టుకుని లేచి వచ్చింది. చేతిలో మూట. పోయిన ఏడాది గుడ్డ నేను తిరిగిచ్చాను. ఆమె ఎప్పటిలాగే అడిగింది, నేను ఎప్పటిలాగే బ్రహ్మాండం అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఏటా అలాగే నవ్వుతుంది, మెచ్చుకున్నందుకు మురిసిపోతోందని అనుకునేదాన్ని.

"ఇదే ఆఖరు అమ్మా. ఉగాదికి నాగరాజ్ లింగసుగూరుకు తీస్కపోతడంట. మోకాళ్ళు పోయినయ్, ఇంక చేను మాతోని కాదు."

"అయ్యో" అన్నాను. మనసులో మాత్రం, పాపం శమించుగాక, హమ్మయ్య అనుకున్నాను. ఇక ఈ మూట బాధ ఉండదు.

"మీ పండ్లు తీసేసిండ్రని విజయేంద్రయ్య చెప్పిండు. అందుకే ఈసారి మీగడ ఏసి పిసికిన. మెత్తగుంటయ్. నోట్లో పెట్టుకుంటే కరుగుతయ్" అంది.

మూట ఇంకా వెచ్చగా ఉంది. ఒళ్ళో పెట్టుకుంటే తొడకు తగులుతోంది.

మలుపు దగ్గర విజయేంద్ర అలవాటుగా కారు ఆపాడు. వాడికి ఇదంతా తెలుసు. తండ్రి లాగే వీడూ ఒక్క మాట అనడు. అనకపోవడం చూస్తేనే నాకు ఒళ్ళు మంట. సహన నిద్రపోయిందని దిగాను. పేడ కంపు, మూత్రం కంపు, మేక బొచ్చు కంపు. ముక్కు మూసుకుని ఒక చేత్తో ముడి విప్పబోయాను. ఎక్కడి నుంచి వచ్చాయో, పది పదిహేను మేకలు నా మీదికి ఎగబడ్డాయి. ఒకటి ముందుకాళ్ళు నా నడుము మీదే పెట్టింది.

"హా! హా! దిగు ముండా!" అని కర్ర తీసుకుని గుడిసెలోంచి ఒక ముసలామె ఉరికి వచ్చింది. మేకలను కొట్టి నా వైపు చూసింది. "ఇయ్యాల ఇంత లేటు ఏందమ్మా? ఇవి పొద్దటి సంది రోడ్డు దిక్కే చూస్తున్నయ్."

"నేనెవరో నీకెట్ల తెలుసు?"

"తెలవకేంది? రంగక్క నాకు సొంత అక్క. నేను మారెవ్వను. ఏటా ఎళ్ళమాసకు ఈ రొట్టెలు నా మేకలే తింటయ్. మీకు షరమ్ అయితదని నేను బయటికి రాకపోతుంటి. ఇయ్యాల ఇవి మీద పడ్డయని వచ్చిన, ఏమనుకోకున్రి."

"రంగవ్వకు..."

"మొదటేడే చెప్పిన. నేనైతే తిట్టిన. వాళ్ళు తినకపోతే ఎందుకే పొద్దంతా పొయ్యి ముందు కూసుంటవని. ఏమంటది? ఎన్కకు తిరిగి చూడొద్దు అంటది. అంతే."

రోడ్డు మీద అలాగే నిలబడ్డాను. ముప్ఫై ఏళ్ళు. బ్రహ్మాండంగ ఉండె రంగవ్వా. ముప్ఫైసార్లు ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇవి మేకల పాలవుతాయని తెలిసి కూడా, నా పళ్ళు లేని నోటి కోసం మీగడ వేసి పిసికింది. థూ, నాదీ ఒక బతుకేనా అనిపించింది. లోకంలో అందరి గోళ్ళల్లో మట్టి వెతికాను గానీ నా అంత రోత మనిషి ఎక్కడా కనబడలేదు.

"అజ్జీ, ఏం చేస్తున్నవ్?" కారు కిటికీలోంచి సహన. నిద్ర ఎప్పుడు లేచిందో. "అవి రంగవ్వ రొట్టెలు గదా? మేకలకు పెడుతున్నవా?"

జవాబు చెప్పేలోపు ఒక మేక మూట కొసను పట్టి లాగింది. నేను వదల్లేదు. అది లాగింది, నేను లాగాను. ముడి ఊడి ఒక రొట్టె బయటికి వచ్చింది. మేక దాన్ని పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను.

"వదులు! అది నాది!" అని అరిచాను. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని, మడి కట్టుకుని అన్నం తినేదాన్ని, నడిరోడ్డు మీద మేకతో రొట్టె కోసం కొట్లాడాను. కోడలు కారు దిగి నోరు తెరుచుకుని చూస్తోంది. ఈసారి ఫోన్ తీయాలని కూడా దానికి తోచలేదు.

రొట్టె చిరిగింది. సగం మేకకు పోయింది, సగం నా చేతిలో ఉంది. అంచు తడిగా ఉంది.

"ఛీ అజ్జీ, మేక ఎంగిలి!" అంది సహన.

తడి అంచు తుంచి పారేసి, మిగిలింది నోట్లో పెట్టుకున్నాను. ఎప్పటిలాగే నాగరాజ్ ముక్కు కళ్ళముందుకు వచ్చింది. అయినా నమిలాను. చిగుళ్ళ కింద నువ్వులు చిటపటమన్నాయి, మీగడ కమ్మగా తగిలింది. ఆమె చెప్పినట్టే కరిగింది. రెండోది తీసుకున్నాను. సహన చేయి చాపితే దానికొకటి ఇచ్చాను.

మారెవ్వ కర్ర ఆనించుకుని చూస్తూ నిలబడింది. నేను మూట గట్టిగా కట్టుకుని కారెక్కాను.

"విజ్జూ, బండి తిప్పు" అన్నాను.

"ఇప్పుడా? ఎక్కడికమ్మా?"

"చేనుకు. రొట్టెలు ఎట్లున్నయో రంగవ్వకు చెప్పి రావాలె."