అడగని తగ్గింపు

మూడు వందల పన్నెండు. ఆ అంకె చూసి మా ప్రిన్సిపాల్ ఉపేంద్రగారు నాకు కాఫీ తెప్పించారు. పదకొండేళ్ల సర్వీసులో ఆయన గదిలో నేను తాగిన మొదటి కాఫీ అది. ఎల్బీనగర్‌లోని ఒక కాలేజీలో మార్కెటింగ్ చెప్పే నేను తొమ్మిదేళ్ల క్రితం రాసిన ఒక వ్యాసాన్ని, దేశదేశాల్లో మూడు వందల పన్నెండు మంది తమ పరిశోధనల్లో ప్రస్తావించారట.

"పట్టాభిగారూ, ఇదొక్కటి చాలు, అసోసియేట్ ప్రొఫెసర్ అయిపోయినట్టే. శుక్రవారం లోపు దరఖాస్తు పడేయండి," అన్నారు.

ఇంటికెళ్లి ఆ దరఖాస్తు నింపుతుంటే పెరూ నుంచి మెయిల్ వచ్చింది. ఎవరో పరిశోధకురాలు. మర్యాదగానే మొరపెట్టుకుంది. కొనేవాడు ధర విని ఏమీ అనకుండా నిలబడితే ఫుట్‌పాత్ వ్యాపారి తనంతట తానే మూడో వంతు తగ్గిస్తాడని రాశారు కదా, మా ఊళ్లో రెండేళ్లుగా నిలబడుతున్నాం, ఒక్కరూ తగ్గించలేదు, మేమేం తప్పు చేస్తున్నామో చెప్పండి అని.

నాకేం తెలుసు? మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద నేను రెండు నెలలు నిలబడ్డాను. నిలబడ్డ ప్రతిచోటా తగ్గించారు. దానికి 'అడగని తగ్గింపు' అని ముచ్చటగా పేరు కూడా పెట్టాను. కళ్లారా చూసింది అబద్ధం ఎలా అవుతుంది? ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు క్లాసులయ్యాక నాలుగింటికి మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. దుప్పట్లు అమ్మే కిష్టమ్మ పాత చోటే కూర్చుని ఉంది. నా వ్యాసంలో ఆమె పేరు 'విక్రేత ఏడు'. ఒక దుప్పటి తీసి ఎంతని అడిగాను. ఆరొందలంది. నోరు మూసుకుని నిలబడ్డాను.

"సరే, నాలుగొందలియ్యిండ్రి," అంది.

ప్రాణం లేచొచ్చింది. పెరూ వాళ్లకే నిలబడటం చేతకాలేదన్నమాట!

అప్పుడు కిష్టమ్మ కళ్లద్దాలు సర్దుకుని నన్ను గుర్తుపట్టింది. "అయ్యో, మీరా సార్! ఎన్నేండ్లాయె! నా ఖర్మ గాలి గిట్ల తగ్గిస్తున్న. ఎండకాలం మీర్‌పేట్‌ల ఎవరో ఆఫీసరోళ్లు యాపారం నేర్పుతమని మాకు మీటింగ్ పెట్టిండ్రు. గిరాకీ అడగకముందే తగ్గించాల్నంట. తగ్గిస్తే ఏమైతుందో తెల్సా? మాల్ ఖరాబున్నట్టుందని పక్క దుకాణంకు పోతున్నరు. పరేషానైతున్న సార్."

మీటింగులో తీసిన ఫోటో ఉందని ఫోన్ చూపించింది. తెర మీద ఇంగ్లీషు అక్షరాల కింద నా పేరు, వ్యాసం అచ్చయిన సంవత్సరం. ఆమెకు ఇంగ్లీషు రాదు.

"మరి అప్పట్లో ఎవరూ చెప్పకుండానే తగ్గించేవారు కదమ్మా? ఎందుకు?" అన్నాను.

"అప్పుడు మీరొచ్చేది పొద్దుగాల గదా సార్! బోణీ బేరం. బోణీ కాకముందు ఒచ్చినోన్ని ఎవరన్న ఉత్తచేతుల్తోని పంపిస్తరా?"

అప్పట్లో నా క్లాసులు పదకొండుకి మొదలయ్యేవి. అందుకని తొమ్మిదిన్నరకల్లా వచ్చేవాణ్ణి, వాళ్లింకా సరుకు కింద పట్టాలు పరుస్తుండగానే. ఆ వేళలు వ్యాసంలో పొల్లుపోకుండా రాశాను కూడా. మూడు వందల పన్నెండు మందికీ బోణీ అంటే తెలియకపోవచ్చు. నాకేం పుట్టింది? తెనాలిలో మాది బట్టల కొట్టు. బోణీ అయ్యేదాకా మా నాన్న టిఫిన్ ముట్టేవాడు కాదు. ఆ కొట్లో పెరిగినవాణ్ణి, చేతిలోకి ప్రశ్నల కాగితం రాగానే అంతా ఎలా మరిచిపోయాను?

"ఆ మీటింగులో చెప్పింది నేను రాసిందేనమ్మా. తప్పు రాశాను," అన్నాను.

కిష్టమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. దుప్పటి మడతపెడుతూ, "పేరడిగిండ్రు, ఊరడిగిండ్రు, పిల్లలెంతమందని అడిగిండ్రు. ఎందుకు తగ్గిస్తున్నవమ్మా అని ఒక్కపారన్న అడగకపోతిరి," అంది.

గురువారం పత్రికకు దిద్దుబాటు రాసి పంపాను. పెరూ ఆవిడకు క్షమాపణ చెప్పాను. దరఖాస్తులోంచి ఆ వ్యాసం కొట్టేసి ఉపేంద్రగారికి ఇచ్చాను.

"మీకు మతి పోయిందా? బోణీయో గీణీయో, ఎవరడిగారు మిమ్మల్ని?" అన్నారాయన. ఈసారి కాఫీ రాలేదు. ప్రమోషనూ రాలేదు.

మూడు నెలలకు నా దిద్దుబాటు అచ్చయింది. ఆ రోజు ఉండబట్టలేక కంప్యూటర్‌లో పాత వ్యాసం లెక్క చూసుకున్నాను. మూడు వందల ముప్పై ఒకటి. అందులో ఒకటి నా దిద్దుబాటే. నా వ్యాసం తప్పని నేనే రాస్తే, దాన్నీ నా గొప్పల్లోనే కలిపేశారు. దిద్దుబాటును మాత్రం ఇంతవరకూ ఎవరూ ప్రస్తావించలేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ కాగితం పట్టుకుని సాయంత్రం కిష్టమ్మ దగ్గరికెళ్లాను. మొదటి నుంచి చివరిదాకా తెలుగులో చెప్పాను. ఓపిగ్గా విని, "ఇగ నేను తగ్గియ్య సార్," అంది.

మంచిదన్నాను. ఇంత చెప్పి ఉత్తచేతులతో పోవడం బాగుండదని ఒక దుప్పటి తీసి ఎంతని అడిగాను.

"ఆరొందలు."

పాత అలవాటు. ఏమీ అనకుండా నిలబడిపోయాను. కిష్టమ్మ కూడా చేతులు కట్టుకుని నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. బస్సులు పోతున్నాయి, షేర్ ఆటోవాళ్లు అరుస్తున్నారు, మా ఇద్దరిలో ఎవరమూ కదల్లేదు.

"గట్ల నిలబడితే ఎట్ల సార్," అంది చివరికి. "నోరు తెరిచి అడుగుండ్రి."