కొలబద్ద దగ్గర ముప్ఫయ్యో రోజు

పదిహేడో మెట్టు మీద ఆగి క్లెమ్ హారిగన్ మోకాలు రుద్దుకున్నాడు. ఇరవై ఆరేళ్లుగా అక్కడే ఆగుతాడు. ఇంకో పన్నెండు మెట్లు దిగితే డార్లింగ్ నదిలో పాతిన కొలబద్ద. రోజూ తొమ్మిదింటికి నీళ్లు ఏ గీత దగ్గరున్నాయో చూడాలి, పైకెక్కి రేకుల షెడ్డులో ఫోనెత్తి ఆఫీసుకు చెప్పాలి. ఉద్యోగమంతా అంతే. ఎండకు పొట్టు లేచిన చెవులు, మెడ మీద ఎర్రటి మడతలు, ఎవరూ రెండోసారి చూడని మొహం.

నిన్నటికి వరసగా ఇరవై తొమ్మిది రోజులుగా నీళ్లు ముప్ఫై సెంటీమీటర్ల గీతకు కిందే ఉన్నాయి. ఇవాళ కూడా కిందే ఉంటే ముప్ఫై రోజులు నిండుతాయి. నిండితే పై రాష్ట్రంలో నదిని తోడేసే పత్తి దొరల పంపులు ఆపి తీరాలి. కేంద్రమూ నాలుగు రాష్ట్రాలూ పదకొండేళ్లు మెత్తటి కుర్చీల్లో కూర్చుని, ఒకరి భుజం ఒకరు తట్టుకుని సంతకాలు చేసిన ఒప్పందంలో కింది ఊళ్లకు దక్కింది ఆ ఒక్క వాక్యం.

పక్కింటి వెర్నా ఆ వాక్యాన్ని పట్టుకునే ఆగింది. కుళాయిలో వచ్చే ఉప్పు బురద తాగి ఆమె మూత్రపిండాలు సగం పోయాయి. కూతురు కెరిన్ ఆమెను తీసుకెళ్తానని సముద్రం ఒడ్డు నుంచి కారేసుకుని వచ్చి కూర్చుంది. పంపులు ఆగితే ఉంటానంది వెర్నా, ఆగకపోతే ఇవాళే బయల్దేరతానంది. క్లెమ్‌కు పెళ్లి కాలేదు. నలభై ఏళ్లుగా వాళ్లిద్దరూ సాయంత్రాలు కంచెకు అటొకరు ఇటొకరు నిలబడి టీ తాగుతారు. దాన్నేమంటారో ఊరూ అడగలేదు, వాళ్లూ అనుకోలేదు.

కింద కేకలు. నీళ్లొచ్చాయి! గోధుమరంగు నీళ్లు నురగతో వస్తున్నాయి. సగం ఊరు నదిలోనే ఉంది. గౌను దోపుకుని, రబ్బరు బూట్లతో మధ్యలో వెర్నా. క్లెమ్ కిందిదాకా దిగి గీత చూశాడు.

"ఏంటయ్యా క్లెమ్, శవం చూసినట్టు చూస్తావు? నీళ్లోయ్, నీళ్లు!"

"ఎక్కడివో ఆలోచించావా?"

"వానవైతే కాదు, మబ్బేదీ? పత్తోళ్లు వాళ్ల చెరువు తూము తలుపు ఒక్క పూట ఎత్తుంటారు..." ఆమె నవ్వు ఆగింది. "ఎంతుంది?"

"ముప్ఫై నాలుగు."

"అంటే లెక్క మళ్లీ ఒకటి నుంచా?"

"ఒకటి నుంచే. రేపటికి ఈ నీళ్లూ ఉండవు."

"రెండు వేళ్ల మందం క్లెమ్! ఇరవై ఎనిమిదని చెప్పెయ్. కొలబద్ద వచ్చి సాక్ష్యం చెప్తుందా?"

క్లెమ్ పైకెక్కాడు. ఫోనెత్తాడు. "ఇరవై ఎనిమిది," అన్నాడు. ఇరవై ఆరేళ్లలో మొదటి అబద్ధం. చెవులు భగ్గుమన్నాయి.

అవతల అమ్మాయి గొంతు మర్యాదగానే ఉంది. "పై ఊరి కొలబద్ద దగ్గర నిన్న పెరిగిందన్నారే! మీరు తప్పు చెప్పరనుకోండి. అయినా ఒక్కసారి మళ్లీ చూసొస్తారా, క్లెమ్?"

చూసి రమ్మన్నారు, వెళ్లాడు. ఇరవై తొమ్మిది మెట్లు. అతన్ని ఎవరూ గమనించడం లేదు. సగంలో కూర్చుని ఒక సిగరెట్టు కాల్చి తిరిగొచ్చినా అడిగేవాడు లేడు. కానీ అతను కిందిదాకా దిగాడు, రోజూలాగే వంగాడు, కన్ను నీటిమట్టానికి దించి చూశాడు. పైకెక్కి ఫోనెత్తాక నోరు దానంతటదే చెప్పింది.

"ముప్ఫై నాలుగు."

"థాంక్యూ క్లెమ్! మీలాంటివాళ్లు ఉండబట్టే ఈ ఒప్పందం నడుస్తోంది."

నిజమే, నడిచింది. తలుపెత్తినవాణ్ని మాత్రం మళ్లీ చూసి రమ్మని ఎవరూ ఏ మెట్లూ దింపలేదు.

మధ్యాహ్నం కంచె దగ్గర నిలబడి జరిగింది చెప్పాడు. వెర్నా తిట్టలేదు.

"రెండోసారి చూడ్డానికి దిగావా? నీచేత అబద్ధం నిలబెట్టించాలంటే ఇంకో నలభై ఏళ్లు పడుతుంది, మొద్దూ. నాకంత టైం లేదు."

అతనికి చెప్పాల్సింది చాలా ఉంది. "నీళ్ల సీసా పెట్టుకున్నావా?" అన్నాడు.

"అమ్మా, ఆ బురదతో కారెక్కకు," అంది కెరిన్.

వెర్నా మేజోళ్లతోనే ఎక్కింది. దుమ్ము లేచింది, అణిగింది.

ఆమె గుమ్మం ముందు రబ్బరు బూట్లు, ఒకటి పక్కకు ఒరిగి. చీలమండ దాకా నది బురద, ఇంకా తడిగానే.