తాళం పడని ఇల్లు

ఆసుపత్రిలో ఊడ్చే ఆయా పని దిగి వచ్చేసరికి, కాలూచెయ్యీ పడిపోయిన ఆమె తల్లి మంచంతో సహా వరండాలో ఉంది. గదికి కొత్త తాళం. ఆయా అద్దె బాకీ లేదు, ఒప్పందం గడువు తీరలేదు. పాత కొంపలు కూల్చి మేడ లేపాలని యజమానికి తొందర పుట్టింది, అంతే.

వాడకట్టంతా చూసింది. చూసి ఏం చేసిందయ్యా అంటే, ఎవరి తలుపు వాళ్లు వేసుకున్నారు. మిషను కుట్టే వదినా వేసుకుంది. ముసలమ్మ దగ్గు వినిపిస్తూనే ఉన్నా గడియ తీయలేదు. తన గదికీ తాళం పడితే మిషను లోపలే ఉండిపోతుంది, పిల్లల నోట్లో మట్టే అని ఆమె భయం.

అంతకు వారం ముందే యజమాని గుమాస్తా ఇంటింటికీ విడివిడిగా వచ్చి, చెవిలో ఊదిపోయాడు. అందరూ ఖాళీ చేస్తామని సంతకాలు పెట్టేశారట, మీరొక్కరే మిగిలారట, ఈ సంగతి బయటికి పొక్కితే అడ్వాన్సు గల్లంతట. ఆనాటి నుంచి కుళాయి దగ్గర మాటల్లేవు. బిందె నిండేదాకా దొంగచూపులే. వదినకు అదే వరసలో ఉండే వడ్రంగి మీద అనుమానం. గుమాస్తా అతనింట్లో టీ తాగడం కళ్లారా చూసింది మరి. నిప్పు లేందే పొగ రాదనుకుంది.

తాళం పడిన మర్నాడు కుళాయి దగ్గర ఆయా సూటిగా అడిగేసింది.

"నువ్వు సంతకం పెట్టేశావంట కదా వదినా. గుమాస్తా చెప్పాడు."

"నేనా? మీరంతా పెట్టేశారనీ, నేనొక్కదాన్నే మిగిలాననీ నాకు చెప్పాడే."

వడ్రంగి బిందె కింద పెట్టాడు. తనకూ అదే చెప్పాడన్నాడు. ఒక్కొక్కరే నోరు విప్పారు. ఒకే అబద్ధం ఇంటింటికీ పంచి, అందరినీ ఎంత వెర్రివాళ్లను చేశాడో అప్పటికి తెలిసింది. వదినకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

మిల్లులో పనిచేసే తాత తాళం పగలగొట్టమన్నాడు. పగలగొడితే పోలీసులొస్తారు, పైగా రేపు మనం పనిలోకి వెళ్లగానే ఇంకో గదికి వేస్తారని వడ్రంగి అడ్డుపడ్డాడు. వాదన ముదిరింది.

"అసలు తలుపుంటేగా తాళం వేసేది," అంది వదిన. అనుమానం ఇంకా పూర్తిగా చావలేదేమో, వడ్రంగి వైపు తిరిగింది. "ముందు మీది తియ్యి అన్నయ్యా."

అతను పనిముట్లు తెచ్చి తన తలుపే ముందు ఊడదీశాడు. తర్వాత వదినది, ఆ తర్వాత వరసగా అందరివీ. ఆయా గది తలుపు రెండు రెక్కలూ వేసిన తాళంతోనే కలిసి ఊడివచ్చాయి. తాళానికి గీత కూడా పడలేదు. తల్లిని మంచంతో లోపలికి మోసుకెళ్లి, తలుపులన్నీ గోడకు చేరేశారు. కాపలాకు వంతులు వేసుకున్నారు.

యజమాని తాళాల సంచీతో గుమాస్తాను వెంటేసుకుని వచ్చి, నోరెళ్లబెట్టాడు. గుమాస్తా మాత్రం అలవాటు మానలేదు. మిషను దగ్గరికి వచ్చి, పక్కకి రామ్మా, ఒక్క మాట చెప్పాలి అన్నాడు.

వదిన మిషను ఆపింది. "ఇక్కడే చెప్పు. మాకిప్పుడు తలుపుల్లేవు."

అందరూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. గుమాస్తా యజమాని వెనక్కి జరిగాడు. పోలీసుల్ని తీసుకొస్తానని యజమాని చిందులేశాడు.

"తెచ్చుకో నాయనా," అంది మంచంలోంచి ముసలమ్మ. "నిన్న నన్నొక్కదాన్నే మోశావు. ఈసారి వీళ్లందర్నీ మోయాలి."