ఆరో ప్రశ్న

నేను ఒక ఇంగ్లీషు అభ్యాస పుస్తకాన్ని. నా సంగతులు నెమ్మదిగా చెబుతాను గానీ, ముందు మా చెల్లెలి మీద ఒక చాడీ చెప్పుకోనివ్వండి. లేకపోతే నాకు కడుపుబ్బరం తగ్గదు.

మా చెల్లెలంటే జవాబుల పుస్తకం. ఒళ్లంతా కలిపి పదహారు పేజీలు. నా నడుము దగ్గర రెండు పిన్నులు కొట్టి నాతోపాటే పంపారు. దానికి ఒక కథ రాదు, ఒక వాక్యం సాంతం పలకడం రాదు. "ఒకటి, బి. రెండు, డి" అని పొడిపొడిగా మాట్లాడుతుంది. అయినా కొట్లో నన్ను చేతిలోకి తీసుకున్న ప్రతివాళ్లూ ముందు అడిగేది దాని గురించే. "లోపల కీ ఉందా?" పెద్దపిల్లను చూడటానికొచ్చి చిన్నపిల్ల ఏం చదువుతోందని అడిగే పెళ్లివారి వరస. నేను అమ్ముడైన నెలకే ఎవరో పిన్నులు జాగ్రత్తగా విప్పి దాన్ని లేవదీసుకుపోయారు. నా నడుం మీద రెండు తుప్పు మచ్చలు మిగిలాయి. ఎవరింట్లో వెలగబెడుతోందో ఏమో, ఇంతవరకూ కబురు లేదు.

సరే, నా సంగతి. నేను పుట్టింది విజయవాడలో, సైకిలు తిరగడానికి కూడా చోటులేని సందులో ఉన్న ఒక అచ్చాఫీసులో. నన్ను కూర్చినాయన పాత ఇంగ్లీషు పత్రికల కట్ట ముందేసుకుని, కత్తెరతో నలభై ముక్కలు కోశాడు. ఒక్కో ముక్క కింద అయిదు ప్రశ్నలు, పక్కన గళ్ల డబ్బాలో పది కఠిన పదాలు, వాటికి తెలుగు అర్థాలు. పేజీ నిండగానే కోసేశాడు కాబట్టి నాలో ఉన్న నలభై కథల్లో ఒక్కదానికీ ముగింపు లేదు. పడవెక్కిన వాళ్లు దిగరు. ఉత్తరం అందుకున్న అమ్మాయి దాన్ని విప్పదు. పైగా పదకొండు చోట్ల మంచు కురుస్తుంది. మే నెలలో విజయవాడలో బైండింగు చేస్తుంటే, కార్మికుల చెమట చుక్కలు ఆ మంచు మీద పడ్డాయి.

నన్ను కొన్నది చీరాలలో ఇంగ్లీషు చెప్పే పురుషోత్తం మాస్టారు. అప్పటికి ఆయనకు ఉద్యోగం వచ్చి వారమైంది. నాకు ఖాకీ అట్ట వేసి, పేరు రాసి, ముప్పై ఒక్క ఏళ్లు చంకలో పెట్టుకు తిరిగారు. ఇంత ప్రేమగా చూసుకున్న మనిషి గురించి ఫిర్యాదు చెయ్యకూడదు. కానీ ఆయన నన్నొక్కసారి కూడా చదవలేదు.

మాస్టారికి ఒక పద్ధతి ఉండేది. జిల్లాలో పేరుమోసిన పద్ధతి. "పేరా జోలికి పోవద్దు. ముందు ప్రశ్న చూడండి. అందులో బరువైన మాట పట్టుకోండి. ఆ మాట పేరాలో ఎక్కడుందో వేలు పెట్టి వెతకండి. దొరికిందా? స్కేలు పెట్టి గీత గీసి, ఆ లైను మక్కీకి మక్కీ దించెయ్యండి. అయిపోయింది!" నిజంగానే అయిపోయేది. క్లాసుకి క్లాసు పాసయ్యేది.

నా తొమ్మిదో పాఠంలో ఒక తపాలా బంట్రోతు, అతని ముసలి కుక్క ఉంటారు. కుక్క ఎక్కడ పడుకుంటుంది అన్నది రెండో ప్రశ్న. 'పొయ్యి పక్కన' అని వేలమంది పిల్లలు రాసి మార్కులు పట్టుకుపోయారు. ఆ కుక్క చివరినించి నాలుగో లైనులో చచ్చిపోతుంది. దాని మీద ప్రశ్న లేదు కాబట్టి ఆ సంగతి చీరాలలో ఎవరికీ తెలియదు. ఏటా జూలైలో ఆ పాఠం వచ్చేది. ఏటా నేనొక్కదాన్నే దాని దగ్గర కూర్చునేదాన్ని.

మాస్టారు రిటైరయ్యారు. మరుసటేడు భార్య పోయింది. కొన్నాళ్లు ముందుగదిలో ట్యూషన్లు నడిచాయి. బస్టాండు దగ్గర ఏసీ గదుల కోచింగ్ సెంటరు తెరిచాక అవీ పోయాయి. అయినా సాయంత్రం అయిదయ్యేసరికి ఆయన ముందుగదిలో బోర్డు తుడిచేవారు. సుద్దముక్కలు వరసగా పేర్చేవారు. నన్ను స్టూలు మీద పెట్టి, ఏడింటిదాకా కూర్చుని, మళ్లీ లోపల పెట్టేసేవారు.

ఆ ఇంటి కోడలు వనజాక్షి. తెలుగు మీడియంలో బీఏ చదివి, అంగన్‌వాడీలో పనిచేస్తోంది. భర్త రాజారాం బస్సు డిపోలో మెకానిక్కు, తెల్లారకముందే వెళ్లి అన్నం వేళకు వస్తాడు. మామగారు ముందుగదిలో, ఈవిడ వంటింట్లో. మధ్యలో ఒక గోడగడియారం ఇద్దరి తరఫునా మాట్లాడేది.

వనజాక్షికి సూపర్‌వైజరు కావాలని ఉంది. దానికి శాఖవాళ్లు పెట్టే పరీక్షలో ఇంగ్లీషు గట్టెక్కాలి. రెండుసార్లు రాసింది. రెండుసార్లూ మామగారి పద్ధతిలోనే రాసి, రెండుసార్లూ ఇంగ్లీషులోనే పోయింది.

"ప్రశ్నలో ఉన్న మాట పేరాలో లేదు మామయ్యగారూ. వేరే మాటలు పెట్టి అడిగారు," అంది రెండోసారి తప్పాక.

"సరిగ్గా వెతికుండవు."

"మూడుసార్లు వెతికానండీ. అసలు పేరాలో ఆవిడ ఊరు వదిలి ఎందుకు వెళ్లిపోయిందని అడిగితే ఏ లైను దించను?"

"నా చేతికింద నాలుగువేలమంది పాసయ్యారమ్మాయ్," అని ఆయన కళ్లజోడు సర్దుకున్నారు.

వచ్చే పరీక్ష వనజాక్షికి ఆఖరిది. ఆ తర్వాత వయసు దాటిపోతుంది.

అప్పుడు మొదలైంది నాకు బతుకు. మధ్యాహ్నం మూడింటికి అంగన్‌వాడీ నుంచి వచ్చి, చెప్పులు విడిచి, నన్ను తెచ్చుకుని వంటింటి గడప మీద కూర్చునేది. మొదటి మాట నుంచి చదివేది. తెలియని మాటని సుద్దతో గ్యాసుబండ మీదా, బియ్యం డబ్బా మూత మీదా రాసుకునేది. రాసుకున్న మాటని ఆ రోజు ఎలాగైనా వాడి తీరేది. నా గళ్ల డబ్బాలో 'రిలక్టెంట్' పక్కన 'ఇష్టంలేని' అని ఉంటుంది. "ఇవాళ రిలక్టెంటుగా ఉప్మా చేశాను మామయ్యగారూ. మీరు కూడా రిలక్టెంటుగానే తినండి." ఆయన నవ్వలేదు గానీ, రెండోసారి పెట్టించుకున్నారు.

తొమ్మిదో పాఠం చదివిన రోజు ఆవిడ చాలాసేపు పేజీ తిప్పలేదు. "అయ్యో, కుక్క పోయిందా," అంది. ఎవరితోనూ కాదు. ముప్పై మూడేళ్ల తర్వాత నాకు పరామర్శ అందింది.

ఆ రోజు నుంచే అయిదు ప్రశ్నల కింద పెన్సిలుతో ఆరో ప్రశ్న రాయడం మొదలుపెట్టింది. తప్పులతో కూడిన ఇంగ్లీషులో, తను తెలుసుకోవాలనుకున్న ప్రశ్న. కుక్క పోయిన మర్నాడు ఆ బంట్రోతు ఉత్తరాలు పంచడానికి వెళ్లాడా? ఆ అమ్మాయి ఉత్తరం ఎందుకు విప్పలేదు? జవాబు కోసం పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివేది. అలా చదివి చదివి, మిగతా అయిదింటికీ సొంత మాటల్లో చకచకా రాసేసేది.

పరీక్ష పన్నెండు రోజులుందనగా మాస్టారు నన్ను తెరిచి చూశారు. "గీతలేవీ?"

"గీతలు గియ్యట్లేదు మామయ్యగారూ. చదువుతున్నాను."

"చదవడానికి ఇదేమన్నా వారపత్రికా?"

"వారపత్రికలా చదివితేనే నాకు ఎక్కుతోందండీ."

"అంటే నా పద్ధతి పనికిరానిదంటావు."

ఆవిడ అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. ఆయన నన్ను తీసుకెళ్లి బీరువాలో, పోయినావిడ పట్టుచీరల మధ్య పెట్టి తాళం వేశారు. "నేను చెప్పినట్టు చేస్తానంటే తీసుకో."

ఆ రాత్రి భోజనాల దగ్గర రాజారాం, "నాన్నా, పరీక్ష దానిది కదా," అనబోయి, తండ్రి మొహం చూసి పెరుగు కలుపుకున్నాడని తర్వాత విన్నాను. బీరువాలో నాకు కలరా ఉండల వాసన తప్ప వేరే తోడు లేదు. అంతకుముందు ముప్పై మూడేళ్లు ఎవరూ చదవకుండా ఉన్నదాన్ని, ఈ నాలుగు రోజులు ఉండలేకపోయాను. అలవాటు చెడిపోయింది.

అయిదో రోజు మధ్యాహ్నం ఆయన తాళం తీశారు. చెడ్డ మనిషి కాదు. కోడలికి శ్రమ లేకుండా గీతలన్నీ తనే గీసి ఇద్దామనుకున్నారు. ఎర్ర పెన్సిలు, స్కేలు పట్టుకుని, ఇరవై మూడో పాఠం తీశారు. అందులో ఒక చలి ఊళ్లో గడియారాలు బాగుచేసే ముసలావిడ ఉంటుంది. కొట్లో ఎన్ని గడియారాలున్నాయి, కొట్టు ఎన్నింటికి తెరుస్తుంది, తలుపు రంగేమిటి. రెండు నిమిషాల్లో అయిదు గీతలూ పడ్డాయి. అప్పుడు కింద ఆరోది కనబడింది.

"ఈ గడియారాలన్నిటికీ ఆవిడ ఎవరికోసం కీ ఇస్తోంది?"

మాస్టారు బరువైన మాట పట్టుకున్నారు. కీ. వేలు పెట్టి వెతికారు. మూడో లైనులో దొరికింది. గీత గీశారు. అక్కడ జవాబు లేదు. పైనించి కిందికి వెతికారు. కిందినించి పైకి వెతికారు. కళ్లజోడు తీసి, పంచె చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. స్కేలు పక్కన పెట్టారు. అప్పుడు, నన్ను కొన్న ఇన్నేళ్లకి, మొదటి మాట దగ్గర మొదలుపెట్టారు.

ఊరి బయటి నుంచి కొత్త రోడ్డు పడుతుంది. ఆవిడ వీధిలోకి ఎవరూ రారు. అయినా రోజూ కొట్టు తెరుస్తుంది. ముప్పై రెండు గడియారాలూ తుడిచి, కీ ఇస్తుంది. గంట వేళకి అన్నీ కలిసి మోగుతాయి. వీధి ఖాళీగా ఉంటుంది. ఆవిడ లేచి తలుపు ఇంకాస్త బార్లా తెరుస్తుంది. అక్కడితో కత్తెర పడింది.

మాస్టారు ఆ ఆఖరి లైను మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయారు. గోడగడియారం అయిదు కొట్టింది. ఆయన బోర్డు తుడవడానికి లేవలేదు.

చీకటి పడబోతుండగా వంటింట్లోకి వచ్చి, పోపులపెట్టె పక్కన నన్ను పెట్టారు. "ఎన్ని రోజులుంది?"

"ఎనిమిది, మామయ్యగారూ."

"ఊఁ," అని వెళ్లిపోయారు. ఇంకేమన్నా అంటారేమోనని ఆవిడ గుమ్మం వైపు చూసి, స్టవ్వు వెలిగించుకుంది.

ఈసారి ఇంగ్లీషులో ముప్పైకి ఇరవై రెండు వచ్చాయి. వనజాక్షి సూపర్‌వైజరయింది. వీధి వీధంతా వచ్చి మాస్టారికి అభినందనలు చెప్పి వెళ్లింది. ఆయన పద్ధతి మళ్లీ గెలిచిందని అందరూ అనేశారు. ఆయన అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. వనజాక్షి అందరికీ కాఫీలిచ్చింది. ఆ వారమంతా ఆవిడ నాలో ఒక్క పేజీ తిప్పలేదు. నేనూ అడగలేదు.

ఆదివారం ఎదురింటి కనకరత్నం వచ్చింది. "మాస్టారండీ, మా అమ్మాయి ఇంటరు. కోచింగ్ మాన్పించి మీ దగ్గర వేద్దామనుకుంటున్నాం. మీ కోడలికి చెప్పిన ఆ పద్ధతే చెప్పాలి."

ఏడాది తర్వాత ఆ గదికి వస్తానన్న మొదటి పిల్ల. మాస్టారు బోర్డు వైపు చూశారు. "అది తప్పండీ," అన్నారు గొంతులోనే.

వంటింట్లో కుక్కరు కూసింది.

"ఏంటండీ? వినపళ్లేదు," అంది కనకరత్నం.

వనజాక్షి స్టవ్వు కట్టేసింది. మరో చేతిలో నేనున్నాను. ఆవిడకి మొదటిసారే వినబడిందని నా మీద బిగిసిన వేళ్లే చెప్పాయి. అయినా గుమ్మంలోకి వచ్చి, "నాకూ వినపళ్లేదు మామయ్యగారూ," అంది.

ఆయన లేచి నిలబడ్డారు. వెనకబెంచీకి వినబడేలా పాఠం చెప్పిన గొంతు అది, ఎదురింటి అరుగు దాకా వెళ్లింది.

"నా పద్ధతి తప్పంటున్నాను! ముప్పై ఒక్క ఏళ్లు తప్పే చెప్పాను. మా కోడలు పాసైంది నేను చెప్పినట్టు చెయ్యబట్టి కాదు, చెయ్యకపోబట్టి!"