యజమాని ఆలోచిస్తున్నారు

అరకులో ఆ రియల్ ఎస్టేట్ ఆఫీసు అంటే ఒక గది, ఒక కంప్యూటరు, ఒక హారిక. బాసు రమణమూర్తి విశాఖలో కూర్చుంటాడు. ఏజెన్సీ ప్రాంతంలో భూమి గానీ ఇల్లు గానీ గిరిజనుల మధ్యే చేతులు మారాలి కాబట్టి, రెండు వైపులా కుల ధ్రువపత్రాలు చూడటం, జాబితాలో ఉన్న ప్రతి ఇంటి మీదా నెలనెలా రిపోర్టు పంపడం ఆమె పని.

రిపోర్టుకి స్వయంగా వెళ్లి, ఫొటో తీసి, ఇల్లు ఇచ్చే ఉద్దేశం యజమానికి ఇంకా ఉందో లేదో అడిగి రాయాలని నిబంధన. నిబంధనలదేముంది, మిగతా ఇళ్ల సంగతి హారిక కూడా అందరిలాగే ఫోన్లో తేల్చేసేది. రత్న ఇంటికి మాత్రం జీపులో బయల్దేరి, కాఫీ తోటల మధ్య నుంచి కొండెక్కి మరీ వెళ్లేది.

రత్న నలభై ఏళ్ల మనిషి. భర్త పోయాక ఒక్కతే ఉండలేక, ఇల్లు హోమ్‌స్టే నడుపుకునేవాళ్లకి అద్దెకిచ్చేసి పెదబయలులో అన్న భీముడి దగ్గరికి పోదామనుకుంది. అనుకుని ఏడాదైంది. వచ్చిన ప్రతివాడికీ ఒక వంక పెట్టింది. ఒకడి గొంతు పెద్దదంది. ఇంకొకడు చెప్పులతో అరుగెక్కాడంది. గూడెం కొత్తవీధి నుంచి వచ్చిన కామేష్‌కి ఏ వంకా దొరక్క, మరీ కుర్రాడంది. ఆ వంకలన్నీ మింగేసి హారిక రిపోర్టులో ఒకే మాట రాసేది: యజమాని ఆలోచిస్తున్నారు.

ఆ ఊళ్లో ఇల్లు చూడటానికి వచ్చిన మనిషికి, ఇస్తామనో ఇవ్వమనో చెప్పేముందు చోడి అంబలి, అంటే రాగి జావ, పోయాలి. ఆ ఆనవాయితీ పుణ్యమా అని హారికకి నెలకొకసారి ఎదురుగా కూర్చుని "ఇంకాస్త పోస్తానుండండి" అనే మనిషి దొరికింది. అరకు వచ్చి రెండేళ్లయినా ఆమెని ఆ మాట అన్నవాళ్లు లేరు. సంతలో బేరం మాటలు, ఫోన్లో అద్దె పార్టీల మాటలు. ఆదివారం వస్తే ఆపాటి మాటలూ ఉండవు. ఒంటరితనం చెడ్డది. అది ఒకరికి చెప్పుకుంటే చులకనైపోతామన్న భయం అంతకంటే చెడ్డది. ఆ భయంతోనే ఇద్దరాడవాళ్లూ ఇల్లు, అద్దె, పార్టీ అంటూ పొద్దువాలేదాకా కూర్చునేవారు.

ఈ నెల రమణమూర్తి ఫోన్ చేశాడు.

"ఏడాదిపాటు ఆలోచించే ఇల్లెక్కడైనా ఉంటుందామ్మా? ఇవ్వని ఇంటిని జాబితాలో ఉంచితే, రేపు తనిఖీలో మన రిపోర్టులన్నీ దొంగవంటారు. తీసెయ్."

హారిక జీపెక్కింది. తీసేశాక మళ్లీ ఏ మొహం పెట్టుకుని వెళ్లడం? కొండెక్కినంతసేపూ ఒక మాట కూర్చుకుంది. ఇల్లు జాబితాలో లేకపోయినా నేను వస్తుంటాను. అంతే, అంతకంటే ఏమీ లేదు.

తీరా వెళ్తే రత్నే ముందు నోరు విప్పింది.

"మేడమ్, ఇల్లు కామేష్‌కి ఇచ్చీసినాను. ఊరి పెద్దల ముందర మాటయిపోనాది."

"అదేంటి రత్నక్కా? అతను కుర్రాడన్నావుగా!"

"మీ సారు నాకు ఫోన్ సేసినాడు. మా మేడమ్ నిజంగానే వత్తందా, ఉత్తినే రాసేత్తందా అని అడిగినాడు. నా వల్ల మీ ఉజ్జోగం పోతాదని బయమేసింది. ఇల్లిచ్చీస్తే మీ రాతలు నిజిమేనని నమ్ముతాడని ఇచ్చీసినాను. ఉజ్జోగం పోతే మీరీ కొండలకి మరి రారు గదా."

హారికకి కళ్లు నిండాయి. కూర్చుకున్న మాట ఇప్పుడు, ఎందుకూ కొరగాని వేళ, తడబడుతూ బయటికొచ్చింది.

"నేనొచ్చేది జాబితా కోసం కాదక్కా. ఇల్లు ఇచ్చినా ఇవ్వకపోయినా వచ్చేదాన్ని."

రత్న అంబలి గిన్నె కింద పెట్టేసింది.

"మరి సెప్పరేటి మేడమ్? మీరొత్తన్నకాడి నుంచి నాకిల్లివ్వబుద్దెయ్యనేదు. ఇచ్చీస్తే మీకిక్కడ పనుండదు గదా."

ఏడాదిపాటు ఇద్దరూ ఆ మాటని నోట్లోనే నానబెట్టుకున్నారు. ఎవరో ఒకరు సిగ్గు విడిచి ముందు అనేసి ఉంటే ఆ ఇల్లు నిలిచేది. పెద్దల ముందు ఇచ్చిన మాటని ఆ ఊళ్లో ఎవరూ వెనక్కి తీసుకోరు. ఆ సంగతి హారికకీ తెలుసు.

"అయితే పెదబయలుకే వస్తాను," అంది ఆత్రంగా. "సెలవు పెట్టుకునైనా నెలనెలా వస్తాను."

రత్న నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"అక్కడ నానే సుట్టాన్ని మేడమ్. వదిన పెడితే తినాల. నాకు సుట్టాలొత్తే, ఎవులి అరుగు మీద కూకోబెట్టీది?"