డేరా ముందు షక్షూకా

పెనం, చిన్న గ్యాసు పొయ్యి, కూరగాయల సంచీ మోసుకుని మొన్జియా గని ఆఫీసు ముందున్న డేరా చేరేసరికి ఎండ నడినెత్తికెక్కింది. లోపల ఆమె మొగుడు లజర్, అతనితోపాటు పని పోయిన మరో ముగ్గురు దుప్పట్ల మీద పడివున్నారు. తీసేసిన వాళ్లందరినీ మళ్లీ పనిలోకి తీసుకునేదాకా ముద్ద ముట్టమని కూర్చుని నెల దాటింది. లజర్ చెంపలు లోపలికి పోయి, ఆ ఊరి నీళ్లకు గోధుమరంగు తిరిగిన పళ్లే ముఖమంతా అయ్యాయి.

ముందురోజు డాక్టరు ఆమెను పక్కకు పిలిచి, మూత్రపిండాలు చెడుతున్నాయని, ఇక ఎంతోకాలం ఆగవని చెప్పాడు. ఆమె మొగుడి కాళ్లావేళ్లా పడింది. కూతుళ్లను తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టింది. మసీదు ఇమాంను పిలుచుకొచ్చింది. లజర్ చక్కెర నీళ్లు రెండు గుక్కలు తాగి అటు తిరిగి పడుకున్నాడు. మాటలతో లేచే మనిషి కాదని ఆమెకు అర్థమైంది. మిగిలింది ఒక్కటే దారి. టమాటా గుజ్జులో గుడ్లు వేసి ఆమె షక్షూకా వండిందంటే, గని నుంచి వచ్చి చేతులైనా సరిగా కడుక్కోకుండా, రొట్టె తుంచి నేరుగా పెనంలో ముంచుకు తినేవాడు ఆ మనిషి.

గాలి డేరాలోకి వీచే వైపు చూసుకుని పొయ్యి పెట్టింది. ఆలివ్ నూనెలో ఉల్లిపాయలు వేయించి, వెల్లుల్లి, షాజీరా, ఎర్రటి హరీసా కారం ముద్ద వేసింది. పచ్చి మిరపకాయలు, టమాటాలు పడి కుతకుతమన్నాయి. ఘాటు డేరాలోకి పోయింది. తమకోసం వండుతోందనుకుని డేరా బయట కూర్చున్న, మిగతా ముగ్గురి ఇళ్ల ఆడవాళ్లకు అప్పుడు సంగతి తెలిసింది. సిగ్గులేదా అని ఒకామె పొయ్యి ఆర్పబోయింది. మొన్జియా ఉల్లిపాయలు తరిగిన కత్తి చేతిలోంచి దించకుండా ఆమె వంక చూసింది. ఆమె వెనక్కి తగ్గింది.

లోపల ముసలి అమోర్ మూలిగాడు. “అమ్మాయ్, నీకు పుణ్యముంటుంది, అది దూరంగా పట్టుకెళ్లవే. పేగులు మెలిపెడుతున్నాయి.”

“నీకోసం కాదు బాబాయ్. కాస్త ముక్కు మూసుకో.”

లజర్ మెల్లగా ఇటు తిరిగాడు. “కంపెనీవాళ్లు ఎంతిచ్చారే నీకు?”

“ఏమిస్తారు? నీ పని లాక్కున్నారు. నిన్ను కూడా వాళ్లకే ఒప్పజెప్పమంటావా?”

“నేను లేస్తే వీళ్లేమైపోతారు?”

“నువ్వు పోతే మేమేమైపోతామో ఒక్కనాడైనా అడిగావా?”

 ఆమె గుడ్లు పగలగొట్టి టమాటా గుజ్జులో వదిలింది. ఒకదాని పచ్చసొన చితికింది. తెల్లసొన గట్టిపడుతుండగా లజర్ మోచేతుల మీద లేచాడు. డేరా గుంజ పట్టుకుని నిలబడి, అడుగులో అడుగు వేసుకుంటూ పొయ్యి వైపు వచ్చాడు.  మొన్జియా ఆత్రంగా రొట్టె తుంచి, ముంచి, ఊదుతూ చెయ్యి చాపింది.

అతను వచ్చింది తినడానికి కాదు. పెనాన్ని తన్నబోయి, కాలు నిలవక దాని పక్కనే కూలిపోయాడు. పెనం తిరగబడి ఎర్రటి పులుసు దుమ్ములో పారింది. ఆమె అతని తల ఒళ్లోకి తీసుకుని పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. కళ్లు తెరవలేదు.

ఆసుపత్రిలో స్పృహ లేని మనిషికి సెలైన్ పెట్టారు. ఆమె చేసిన పని విని నర్సు తల పట్టుకుంది. అన్నాళ్లు ఎండిన కడుపులో ఒక్కసారిగా ఆ కూర, రొట్టె పడివుంటే గుండె ఆగిపోయేదని చెప్పింది. మొన్జియా వరండా గోడకు జారగిలబడి, చాపిన ఆ చేతిని కొంగులో దాచుకుంది.

లజర్ బతికాడు. దీక్ష మిగతా ముగ్గురితో సాగింది. చివరికి కంపెనీ దిగివచ్చి ఆ ముగ్గురినే తీసుకుంది. మధ్యలో లేచినవాడి ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఇంటికొచ్చాక లజర్ ఎప్పుడూ గోడ వైపు తిరిగే పడుకునేవాడు. ఒక సాయంత్రం బార్లీ జావ గిన్నె అందిస్తుంటే, గోడ వైపు చూస్తూనే అన్నాడు.

“నువ్వొచ్చి వండకపోతే ఆ డేరాలోనే చచ్చేవాణ్ని. అది నాకూ తెలుసు. మంచి పని చేశావని మాత్రం నాతో అనిపించకు.”

“నువ్వు అనక్కర్లేదు,” అంది మొన్జియా. “చల్లారిపోతోంది, తాగు.”