మిషన్ దగ్గరి సొరపాదు

క్యాన్ మూత బిగుసుకుపోయింది. పోశం దాన్ని పళ్లతో పట్టి తిప్పాడు. ఊడివచ్చిన మూతను నోట్లోనే ఉంచుకుని, రెండు చేతులతో క్యాన్ ఎత్తి సొరపాదు మొదట్లో నీళ్లు వంచాడు. అవి ఇంట్లో తాగడానికి పట్టిపెట్టిన నల్లా నీళ్లు. దేవవ్వ లేచి చూసేసరికి బిందె సగానికి దిగి ఉంటుంది. తిడుతుంది. తిట్టనీ. పెళ్లయిన దగ్గర్నుంచి తిడుతూనే ఉంది, ఆమె తిట్లకు ఇంతవరకు ఏ పాదూ ఎండిపోలేదు.

నీళ్లు నేలలోకి ఇంకుతుంటే అతను గొంతుక్కూర్చుని చూశాడు. ఎడమ భుజం రాత్రి నుంచి లాగుతోంది. కుడిచేత్తో దాన్ని పిసుక్కుంటూ, వేలాడుతున్న కాయల్ని ఒక్కొక్కటే కళ్లతో తడిమాడు. అన్నిటికంటే పెద్ద కాయకు దిష్టి తగలకుండా నల్లగుడ్డ కట్టి ఉంది. దిష్టి పెట్టడానికి ఆ దారిన వచ్చేవాడెవడో దేవుడికే తెలియాలి.

చందుర్తి దాటి గుట్ట కింద ఉంటుంది ఆ జాగా. చుట్టూ ఇనుప జాలీ కంచె, దానికి తాళం. మధ్యలో తెల్లరంగు స్తంభం, పైన సోలారు పలక, వాన కొలిచే డబ్బా. స్తంభం నుంచి నల్లటి వైరు ఒకటి నేలలోకి దిగుతుంది. దాని చివరనున్న ముళ్లు మట్టిలో తేమ ఎంతుందో చూసి ఎక్కడో ఉన్న ఆఫీసుకు చెబుతాయట. ఆ ఊరి నేల సంగతి తెలుసుకోవాలంటే ఆ ఊరికి వచ్చి చెప్పులు విడిచి నాలుగడుగులు వేస్తే చాలు. కానీ అలా చేస్తే కాళ్లకు మట్టి అంటుతుంది. అందుకని మిషన్ పెట్టారు. పెట్టిన రోజు ఫోటోలు దిగారు. దిగినవాళ్లు మళ్లీ ఆ వైపు రాలేదు. గుంత తవ్వింది పోశమే కాబట్టి తాళంచెవి కూడా అతని చేతిలోనే పెట్టి, ఒక ఖాకీ చొక్కా ఇచ్చి, వాచ్‌మన్ అన్నారు.

ఆ మాటతో మనిషి నడకే మారిపోయింది. చూడటానికి పోశం పెద్దగా ఏమీ ఉండడు. ఎముకల మీద తోలు, తోలు మీద చొక్కా. కాలి వేళ్లు విడివిడిగా విచ్చుకుని ఉంటాయి, పుట్టిన దగ్గర్నుంచి ఎవరెవరి మళ్ల బురదలోనో దిగబడిన కాళ్లు అవి. కానీ చొక్కా గుండీలు మాత్రం మెడ దాకా పెట్టుకుంటాడు, నడి ఎండాకాలంలో కూడా. గొర్లు కాసేవాళ్లు కంచె నీడన కూర్చుంటే "ఆఫీసు జాగ, లేవుండ్రి" అని అదిలిస్తాడు. వాళ్లు నవ్వుకుంటూ లేస్తారు. ఆ నవ్వును అతను గౌరవం అనుకుంటాడు.

మిషన్ పెట్టిన మొదటి వేసవిలో సిరిసిల్ల నుంచి మనోహర్ ఫోన్ చేశాడు. ఇలాంటి మిషన్లన్నిటి మీద అతను సూపర్‌వైజరు. చల్లటి గదిలో తెర ముందు కూర్చుని జిల్లా నేలనంతా ఏలుతుంటాడు.

"పోశం, నీ మిషన్ సున్నకు పడ్డది. ఖరాబైందా ఏంది? మంచిగ చూసుకో. పనిచెయ్యకుంటే తీస్కపోతరు."

నేల ఎండితే అంకె పడుతుందనీ, అలా పడటమే మిషన్ సరిగ్గా పనిచేయడమనీ పోశంకి తెలియదు. తెలియకపోవడం అతని తప్పు కాదు. మనోహర్‌కి కూడా తెలియదు, కాకపోతే ఆయన జీతం తీసుకుని మరీ తెలియనివాడు. ఆ సాయంత్రమే పోశం క్యాన్ నిండా నీళ్లు తెచ్చి వైరు దిగినచోట పోశాడు, పసరానికి కుడితి పెట్టినంత భక్తితో. మళ్లీ ఫోన్ వచ్చినప్పుడు మనోహర్ గొంతులో సంతోషం వినబడింది.

"ఇప్పుడు మంచిగున్నది పోశం. గట్లనే ఉంచు."

తను చేసిన పని మంచిగున్నదని అతనితో ఎవరూ ఎన్నడూ అనలేదు. దొరల పొలాల్లో నారు మోశాడు, జగిత్యాల దిక్కు కాలువ నీళ్ల కింద కోతలకు పోయాడు, చేతులు పుండ్లు పడేదాకా కలుపు తీశాడు. ఇంకా ఎందుకు కాలేదనే అడిగారు గానీ, మంచిగున్నదని ఒక్కరూ అనలేదు. అందుకే పోస్తూనే ఉన్నాడు. తరువాతి ఏడు, ఎలాగూ తడి ఉంది కదా అని, కోరుట్ల అంగట్లో కొన్న సొరగింజలు రెండు నాటాడు. తీగ కంచె పట్టుకుని పాకింది. భూమి లేని మనిషికి ఆ కంచె లోపలి జాగా మొత్తం సొంత పొలమైంది. కాసిన కాయ ఒక్కటీ ఎవరికీ ఇవ్వలేదు. అదే ఊళ్లో కాపురముంటున్న సొంత బిడ్డ కవితకు కూడా. ఇంత పిసినారితనం ఏ దొర దగ్గర నేర్చుకున్నాడో మరి.

ఎండ ఎక్కాక పోశం సైకిలు నడిపించుకుంటూ ఇంటిదారి పట్టాడు. దారికి రెండు పక్కలా యాసంగి వరి పొట్టకొచ్చి ఎండిపోయింది. మడి నెర్రెలు బారి, ఒక్కో నెర్రెలో చెయ్యి పెట్టేంత సందు ఉంది. కొందరు ఆశ వదులుకుని పొలాల్లోకి గొర్లను తోలారు. అవి చప్పుడు చేసుకుంటూ పచ్చిగా మిగిలిన మొదళ్లు కొరుకుతున్నాయి. పోశం చూసి ముక్కు చిట్లించాడు. నీళ్లు లేవని కార్తీకంలోనే తెలుసు అందరికీ. అయినా వరే వేశారు. పక్కవాడు వేశాడని వీడు, వీడు వేశాడని ఆ పక్కవాడు. బోరు ఎండితే ఇంకో బోరు, దాని పక్కన మరొకటి. నేలను జల్లెడ చేసి పెట్టి, నీళ్లు నిలవడం లేదని ఇప్పుడు ఏడుస్తున్నారు.

అల్లుడు గణేశ్ కౌలుకు చేస్తున్న మడి దగ్గర మాత్రం అతను ముఖం తిప్పుకున్నాడు. అక్కడ కూడా గొర్లు ఉన్నాయి.

ఇంట్లో సద్ది తిన్నాడు. దేవవ్వ బిందె చూపించి తిట్టాల్సినంత తిట్టింది. భుజం నొప్పని చెబితే నూనె రాసి మళ్లీ తిట్టింది. పడుకొమ్మంది. డ్యూటీ ఉందన్నాడు పోశం. మెడగుండీ పెట్టుకుని, మళ్లీ క్యాన్ నింపుకుని బయలుదేరాడు. ఎవరూ వచ్చి చూడని మిషన్‌కి, ఎవరూ అడగని డ్యూటీ.

కంచె దగ్గర కవిత నిలబడి ఉంది. కొంగుతో తల కప్పుకున్నా ముఖం ఎండకు కమిలిపోయింది. చందుర్తి పోయి వచ్చినట్టుంది, చెప్పుల నిండా దుమ్ము. ఆమె తండ్రిని చూడలేదు, సైకిలుకు కట్టిన క్యాన్‌ను చూసింది.

"బాపూ, గా నీళ్లు దీనికేనా?"

"పొయ్యకుంటే పాదు బతుకుతదా?"

"చందుర్తి ఆఫీసుల కరువు సాయమొచ్చే ఊర్ల పేర్లు చదివిండ్రు. చుట్టుపక్కల ఊర్లన్నీ ఉన్నయి. మనది లేదు. ఎందుకు లేదంటే, మీ ఊర్ల నేల తడి ఉన్నది, మిషన్ల కనబడుతున్నది అన్నరు. అందరు నవ్విండ్రు బాపూ, గక్కడున్నోళ్లు. నీ సొరపాదును సూసి గీ ఊరికి తడి ఉన్నదంటున్నరు."

పోశంకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మలేదు. తన క్యాన్ నీళ్లు ఊరంతటినీ తడిపాయంటే ఎవరు నమ్ముతారు?

"సదువుకున్నోళ్లు పెట్టిన మిషనే. గంత తెలివి లేదా దానికి?"

"లేదు. దానికీ లేదు, పెట్టినోళ్లకూ లేదు. ఎల్లుండి మళ్ల సూస్తరట. గా రోజుకు తడి లేకుంటే మన ఊరు పేరు ఎక్కుతది. నీళ్లు ఆపు బాపూ. పాదు తీసెయ్యి."

"సున్నకు పడితే మిషన్ తీస్కపోతమన్నడు సారు."

"తీస్కపోనీ."

"తీస్కపోతే నాకేముంటదే? పుట్టిన కాన్నుంచి ఎవలి భూములల్లనో సచ్చిన. గిదొక్కటే నాది."

కవిత అతన్ని పైనుంచి కిందికి చూసింది. ఆ ఖాకీ చొక్కాను, మెడ దాకా పెట్టుకున్న గుండీలను, లోపల కంచెకు వేలాడుతున్న నల్లగుడ్డ కాయను. ఆమెకు అసహ్యం వేసింది, దాన్ని దాచుకోలేదు.

"నీది గాదు. నా పొలంల గొర్లు మేస్తున్నయి, నువ్వు సొరకాయకు దిష్టిగుడ్డ కడుతున్నవు. నీకు చెప్పి లాభం లేదు."

ఆమె వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

పోశం తాళం తీసి లోపలికి వెళ్లాడు. క్యాన్ దించాడు గానీ మూత తీయలేదు. చాలాసేపు కూర్చున్నాక జేబులోంచి ఫోన్ తీసి మనోహర్‌కి చేశాడు. తనంతట తానుగా ఆయనకు ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"సార్, గా తడి నేలది గాదు సార్. నేను పోస్తున్న. సొరపాదు పెట్టుకున్న. ఊరంత ఎండిపోయింది సార్, పేరు రాలేదట."

అవతల గది తలుపు మూసిన చప్పుడైంది. తరువాత మనోహర్ గొంతు తగ్గించి మాట్లాడాడు.

"గీ ముచ్చట ఎవరికన్న చెప్పినవా?"

"లేదు సార్."

"చెప్పకు. రిపోర్టు నా పేరు మీద పైకి పోయింది. ఇప్పుడు ఒక్కసారే పడిపోతే నన్ను అడుగుతరు. నువ్వు పోసుడు ఆపకు, ఎప్పటి లెక్కనే పొయ్యి. సమజైందా? మంచిగ చేస్తున్నవు పోశం."

మంచిగ చేస్తున్నవు. ఇన్నేళ్లు ఆ మాట కోసమే నీళ్లు మోశాడు. ఇప్పుడు వింటే ఉమ్మేయాలనిపించింది. అతను నిజంగానే ఉమ్మేశాడు, తెల్ల స్తంభం మీద.

తరువాత కంచెలో దోపి ఉంచిన కొడవలి తీసుకుని, పాదు మొదట్లో ఒక్క వేటు వేశాడు. లేత కాడ, చప్పుడు కూడా కాలేదు. తీగ కంచె మీద అలాగే ఉంది, ఇంకా ఏం జరిగిందో తెలియనట్టు. క్యాన్‌ను లేవనెత్తి బయటికి మోసుకుపోయి, కంచెకు దూరంగా బండల మీద పారబోశాడు. తిరిగి వచ్చేసరికి భుజంలోని నొప్పి ఛాతీలోకి దిగింది. చెమట పట్టింది. మెడగుండీ తీసుకున్నాడు, ఆ చొక్కా వేసుకున్న తరువాత పగటిపూట మొదటిసారి. ఖాళీ క్యాన్ తలకింద పెట్టుకుని తీగ నీడలో ఒరిగాడు.

పొద్దు వాలాక గణేశ్ అటుగా వచ్చాడు. మామ ఎప్పటిలాగే పడుకున్నాడనుకున్నాడు. రెండుసార్లు పిలిచాడు. తీగ ఆకులు మెత్తబడి మామ ముఖం మీదికి వాలి ఉన్నాయి, వాటిని అతను తోసుకోవడం లేదు. అప్పుడు గణేశ్ కంచె తలుపు నెట్టి లోపలికి పరుగెత్తాడు.

కోసేసిన కాడను కవిత రాత్రి దీపం వెలుగులో చూసింది. తను అన్న మాటలన్నీ గుర్తొచ్చి గుండెలు బాదుకుని ఏడ్చింది. తండ్రి మీద ప్రేమతోనే ఏడ్చింది. ఆ ప్రేమ ఆయన బతికుండగా బయటికి రాలేదు, ఆయన సొరకాయల్లాగే.

ప్రాణం పోయినచోట దీపమూ, చెంబుతో నీళ్లూ పెడతారు ఆ ఇళ్లలో. మూడోనాడు దేవవ్వ కంచెలోకి వచ్చింది. తీగ మొత్తం వాడి గోనెపీచులా వేలాడుతోంది. నల్లగుడ్డ కట్టిన కాయ మాత్రం ఇంకా పచ్చగానే ఉంది. ఆమెకు అది చూడగానే దుఃఖం పొంగింది.

"ఆయన పాణం గీ పాదుల్నే ఉంటది. సచ్చినంక గూడ ఎండబెడుదునా?" అని చెంబు వంచబోయింది.

కవిత తల్లి చెయ్యి పట్టుకుంది. "పొయ్యకు అవ్వా. ఇయ్యాల్నే సూస్తరు."

"నీళ్లు గుక్కెడు పొయ్యద్దా నా మొగనికి?"

"పొయ్యద్దు. బాపే వద్దన్నడు, గందుకే కోసిండు."

ఆమె కొంగులో ముడివేసుకున్న తండ్రి ఫోన్ మోగింది. మనోహర్.

"ఏం పోశం, అంకె పడుతున్నది. నీళ్లు పోస్తలేవా?"

"పోశం సచ్చిపోయిండు సార్. నేను ఆయన బిడ్డను."

"అయ్యో," అన్నాడు మనోహర్. "మరి తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నది?"

"నా దగ్గరనే ఉన్నది. లోపలికి ఎవ్వల్ని రానియ్య. మీ మిషన్ ఇయ్యాల్నే నిజం చెప్తున్నది, చెప్పనియ్యుండ్రి."

ఆమె ఫోన్ పెట్టేసింది. తల్లి చేతిలోంచి చెంబు తీసుకుంది. ఒక్క బొట్టు తొణకకుండా రెండు చేతులతో పట్టుకుని కంచె బయటికి నడిచింది, దూరంగా, బండల మీద పెట్టింది. తిరిగి వచ్చి తలుపు మూసి తాళం వేసింది. ఇద్దరూ ఊరివైపు నడిచారు.

బండ మీద ఇత్తడి చెంబు అంచుల దాకా నీళ్లతో ఎండలో అలాగే ఉండిపోయింది.